సరిహద్దు అవతలి వాయిదా

యశోదకు కన్నడం మాట్లాడడం వచ్చు, చదవడం రాదు. అందుకే దొడ్డబళ్ళాపురం కోర్టు నుంచి సమన్లు రాగానే, గార్మెంట్స్ షిఫ్టుకు కూడా పోకుండా, హిందూపురంలో తాను అద్దెకుండే ఇంటి ఓనరు బాలనాగమ్మ దగ్గరికి పరుగెత్తింది. బాలనాగమ్మ పుట్టిల్లు కర్ణాటకలోని గౌరిబిదనూరు, కన్నడం చదవడం వచ్చు. ఆమె కళ్ళద్దాలు పెట్టుకుని ఒకసారి చదివింది, మళ్ళీ మొదటినుంచీ చదివింది.

"నీ మొగుడు విడాకులు అడిగినాడు. పాప తన దగ్గరే ఉండాలంటాండాడు. వచ్చే నెల నువ్వు ఆడ కోర్టుకు పోవాల."

"నేనే బిడ్డను వదిలేసి పోయినానని రాసినాడా?"

"అట్లనే రాసినాడమ్మా."

యశోదకు ఒళ్ళు మండిపోయింది. ఆమె మొగుడు మల్లికార్జునది ధర్మవరంలో మగ్గాల ఇల్లు. అక్కడ పని సాగక దొడ్డబళ్ళాపురం పవర్‌లూమ్‌లకు పోయాడు. పెళ్ళాన్నీ బిడ్డనూ తీసుకుపోయాడు. అతనికి తాగుడు లేదు, అనుమానం ఉంది. పాల ప్యాకెట్టు తేవడానికి పోయినా ఎందుకింత సేపని నిలదీసేవాడు. భరించలేక యశోద హిందూపురం వచ్చి పనిలో చేరింది. గది దొరకగానే పాపను తెచ్చుకుందామని తిరిగి పోతే ఆ ఇంటికి తాళం. ఎక్కడికి మారారో చుట్టుపక్కల ఎవరికీ తెలియదు. ఆరు నెలలుగా అతను ఫోనెత్తడు.

వకీలును పెట్టుకునే స్తోమత ఆమెకు లేదు. పక్క మిషను మీద కుట్టే ఎస్తేరు, "గవర్నమెంటే ఊరికే లాయరునిస్తుందంట కదక్కా, అర్జీ పెట్టు" అంది. ఆ అర్జీ ఎక్కడ పెట్టాలో ఎస్తేరుకూ తెలియదు. కోర్టు వీధిలో టైపింగు షాపతన్ని అడిగితే తల కూడా ఎత్తకుండా చెప్పాడు.

"కేసు కర్ణాటకలో ఉండాది, నువ్వు ఆంధ్రా మనిషివి. ఈడ పెడితే చెల్లదు, ఆడికే పోవాల. పోయేముందు ఆదాయం సర్టిఫికెట్ తీసుకో. అది లేకుంటే గేటు కూడా దాటనీరు."

అతను చెప్పిన తీరు చూస్తే నమ్మక తప్పలేదు. మర్నాడు ఆమె పెనుకొండ బస్సెక్కింది. పెనుకొండ పక్కనే పుట్టినూరు. గొర్రెల కాడినుంచి నాయన ఆదెప్పను పిలుచుకుని సర్టిఫికెట్ కోసం తహసీల్దారు ఆఫీసుకు పోతే, అక్కడ కంప్యూటరు చూసి, "నీ పేరు ధర్మవరం రేషన్ కార్డులో ఉందమ్మా. ఆ కార్డు తీసుకునిరా" అన్నారు.

ఆదెప్ప తలగుడ్డ తీసి టేబులు మీద కొట్టాడు. "ఏమప్పా, నా కూతురు నీ ఎదురుగానే ఉండాది. కన్నోణ్ణి నేను చెప్తాండా. దీని ఆదాయం ఏముండాదో నాకు తెలీదా? ఆ డబ్బాకు తెలుసా?"

ఇంకేమైనా అనకముందే యశోద ఆయన్ను చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

ధర్మవరం కార్డు అత్త అంజనమ్మ దగ్గరుంది. ఆ ఇంటి గడప తొక్కడమంటే యశోదకు ప్రాణం మీదికి వచ్చినట్టుంది. ఎన్ని మాటలు పడాలో అనుకుంటూ పోయింది. కోర్టు సంగతీ, కార్డు అవసరమూ చెప్పగానే అంజనమ్మ లోపలికి పోయింది. తలుపేసుకుంటుందేమో అనుకుంటే, కార్డు తెచ్చి చేతిలో పెట్టింది.

"వానికి ఫోను చేస్తే నాదీ ఎత్తడు" అంది. "నా మనవరాలు ఎట్లుండాదో నాకే తెలీదు. కన్నతల్లిని, నాకూ అడ్రసు చెప్పలేదు వాడు. కోర్టు ఎప్పుడు? నేనూ వస్తా."

యశోద వాయిదా తేదీ చెప్పింది. ఈమె పక్కన నిలబడుతుందని కలలో కూడా అనుకోలేదు.

సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి వాయిదా దగ్గర పడింది. షాపతను గేటు దగ్గరి మాట చెప్పాడే గానీ, ఆ గేటు ఏ వీధిలో ఉందో చెప్పలేదు. కనీసం అడ్రసైనా తెలుస్తుందని ఆమె హిందూపురం కోర్టు ఆవరణలో ఉన్న న్యాయ సహాయం గదిలోకి తొంగిచూసింది. అక్కడ ప్రమీల అనే వాలంటీరు కాగితాలన్నీ చూసి నొసలు చిట్లించింది.

"ఇవన్నీ ఎవరు తెమ్మన్నారమ్మా? ఆడవాళ్ళకు ఆదాయంతో పని లేదు. కోటీశ్వరురాలైనా సరే ఉచితంగా లాయరునిస్తారు."

"కేసు కర్ణాటకలో కదా మేడమ్, ఈడ చెల్లదంట."

"అర్జీ ఈడ ఇచ్చినా చాలు, మేమే ఆడికి పంపిస్తాం. మొదటిరోజే వచ్చింటే ఈపాటికి నీకు లాయరుండేది."

యశోద బెంచీ మీద కూలబడింది. ఎవరి మీద కోప్పడాలో తెలియలేదు. కళ్ళనీళ్ళు తిరుగుతుంటే, "మూడూర్లు తిరిగినా మేడమ్. జీతం కోసుకున్నారు. మా నాయన ఆఫీసులో గలాటా చేసినాడు. దీనికేనా!" అంది.

ప్రమీల నీళ్ళ బాటిలు జరిపి, అర్జీ తానే రాసింది. ఒక్క పేజీ కూడా నిండలేదు. అవతలికి మెయిలు పంపి, ముద్ర వేసిన కాపీ ఒకటి చేతికిచ్చింది. "లాయరు వచ్చినా రాకపోయినా ఆ పొద్దు నువ్వు ఆడుండాల. పోకుంటే నీ మాట వినకుండానే తీర్పు ఇచ్చేస్తారు."

వాయిదా రోజు అత్తాకోడళ్ళు ప్యాసింజరు రైల్లో దొడ్డబళ్ళాపురం పోయారు. అక్కడి న్యాయ సహాయం ఆఫీసులో ఆ మెయిలు ఇంకా ఎవరూ తెరిచి చూడలేదు. యశోదకు ఇక ఏడవడమొక్కటే తక్కువ. ఈలోగా కోర్టులో ఆమె పేరు పిలిచారు. లాయరెవరని జడ్జి అడిగితే చేతిలోని కాపీ అందించింది. జడ్జి అది చదివి, అప్పటికప్పుడు ఆఫీసుకు కబురు పెట్టి, కావేరి అనే లాయరును పిలిపించారు.

కావేరి వరండాలోనే గబగబా సంగతంతా విని లోపలికి వచ్చింది. అవతలి లాయరు లేచి, తల్లే బిడ్డను వదిలేసి పోయిందని మొదలుపెట్టాడు. వెనక బెంచీలోంచి అంజనమ్మ ఎవరూ అడక్కుండానే లేచింది.

"అబద్ధం సామీ! ఇల్లు మార్చి దాక్కున్నది నా కొడుకే."

మల్లికార్జున ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. తల్లి వచ్చిందని అతనికప్పుడే తెలిసింది. సాక్ష్యం సమయం వచ్చినప్పుడు చెప్పమని జడ్జి ఆమెను కూర్చోబెట్టారు గానీ, మరుసటి వాయిదాకు బిడ్డను తెచ్చి తీరాలని అతన్ని ఆదేశించారు.

తెచ్చాడు. పాపకు ముందరి పళ్ళు ఊడిపోయాయి. వరండాలో తల్లిని చూసి ఒక్కక్షణం ఆగి, వచ్చి మీద పడింది. "ఎల్లి హోగిద్దె అమ్మా?" అని కన్నడంలో అడిగింది, ఇన్నాళ్ళూ యాడికి పోయావని. పెనుకొండ, ధర్మవరం, టైపింగు షాపు, ఇవన్నీ ఆరేళ్ళ పిల్లకు ఏం చెప్పగలదు? యశోద పాప జుట్టులో మొహం దాచుకుంది.

తీర్పు వచ్చేదాకా పాప శని, ఆదివారాలు తల్లి దగ్గర ఉండేట్టు కావేరి ఆర్డరు తెప్పించింది. ఆ శనివారం హిందూపురం రైల్లో అంజనమ్మ మనవరాలికి బొరుగులు తినిపిస్తుంటే ఆదెప్ప ఫోను చేశాడు.

"ఏమ్మా, అయిపోయిందా కేసు?"

"లేదు నాయనా. మళ్ళా వాయిదా."

"మళ్ళీనా! ఏం కోర్టులబ్బా ఇవి, గొర్రెలన్నా ఇంతకంటే బిర్రున నడుస్తాయి" అని ఆయన అరుస్తుంటే, పాప ఫోను లాక్కుని, నోటినిండా బొరుగులతో, "తాతా, నేనొస్తాండా" అంది.