కొబ్బరికాయ కేసులో సాక్షి

నేను ఒక గొలుసును. మెడలో వేసుకునేదాన్నీ కాదు, గేదెను కట్టేసేదాన్నీ కాదు. ప్రొపిలీన్ ఆక్సైడ్ అనే ద్రవంలోని అణువులు ఒకదాని వెనక ఒకటి తగులుకుంటే నేను. విడిగా కంటికి ఆనను. కోటానుకోట్ల తోబుట్టువులతో కలిసి మాత్రం తేనెలా జిగటగా, సీసా అడుగున బద్ధకంగా పడి ఉంటాను.

పుట్టింది హైదరాబాదులో, ఒక విశ్వవిద్యాలయం ప్రయోగశాలలో. నన్ను ఎవరూ కోరి కనలేదు. పరిశోధక విద్యార్థిని సువర్చలకు కావలసినవి పొడవాటి గొలుసులు. అవి ఒక్కో అణువునూ కొసకు చేర్చుకుంటూ బుద్ధిగా పెరగాలి. కాని ఆ కొసన ఉండే ఋణావేశానికి చాపల్యం ఎక్కువ. ఒక్కోసారి ఎదురొచ్చిన అణువును చేర్చుకోవడం మానేసి, దాని హైడ్రోజన్‌ను లాక్కుంటుంది. లాక్కున్న గొలుసు అక్కడితో ఆగిపోతుంది. సొమ్ము పోగొట్టుకున్న అణువు ఊరుకుంటుందా? తానే వేరు కాపురం పెట్టి కొత్త గొలుసు మొదలుపెడుతుంది. అలా మొదలైనదాన్ని నేను. వేడి పెరిగినకొద్దీ ఈ అల్లరీ పెరుగుతుంది.

ఆ రోజు వేడి పెంచమన్నది సువర్చల గైడు వేదాద్రిగారే. ప్రాజెక్టు సమీక్ష దగ్గర పడింది, ఆయనకు తొందర. తీరా కొలిచి చూస్తే గొలుసులు అనుకున్న పొడవులో సగం కూడా లేవు.

ప్రయోగానికి ముందురోజే ఆయుధపూజ. అటెండరు బీరయ్య ఏటా చేసినట్టే పంపులకూ, గాజుసీసాలకూ బొట్లు పెట్టి, వాటి ముందు కొబ్బరికాయ కొట్టాడు. ఇలాంటి ప్రయోగంలో నీరు చేరితే గొలుసులు పొట్టివైపోతాయన్నది నిజమే. ఇంకేం, వేదాద్రిగారికి దొంగ దొరికిపోయాడు.

"కొబ్బరినీళ్లు చిందించి ప్రయోగమంతా నాశనం చేశావు. ఒకటో తారీఖు నుంచి స్టోర్సుకి వెళ్లిపో," అన్నారు.

"నీళ్లు గిన్నెల వట్టిన సార్. ఒక్క సుక్క గూడ కింద వడలే," అన్నాడు బీరయ్య.

ఆయన వినలేదు. స్టోర్సంటే కిటికీ లేని గది, డబ్బాలు తప్ప పలకరించే దిక్కుండదు. బీరయ్యేమో ఏళ్ల తరబడి పిల్లలకు టీలందించి, వాళ్ల ఏడుపులు విని, వాళ్లకు డాక్టరేటు వచ్చిన రోజున తానే లడ్లు పంచిన మనిషి. ఎంత చదువుకున్నవాళ్లయినా తప్పు జరిగితే ముందు కారణాన్ని వెతకరు, మనిషిని వెతుకుతారు.

సువర్చల మాత్రం ఊరుకోలేదు. నీటివల్ల పుట్టిన గొలుసుకు రెండు కొసలా ఆక్సిజన్, హైడ్రోజన్ జంట ఉంటుంది. దాన్ని నేను చెయ్యి అంటాను, మరొకరిని పట్టుకోవడానికి పనికొచ్చేది అదే గనక. నాలాంటిదానికి చెయ్యి ఒక కొసనే. రెండో కొసన రెండు కార్బన్ల మధ్య జంటబంధం, పుట్టుమచ్చలా. ఆమె మమ్మల్ని సన్నటి గాజుగొట్టంలో పోసి, పెద్ద అయస్కాంతమున్న యంత్రంలోకి దించింది. మేం ఉన్నదున్నట్టు చెప్పేశాం. తెర మీద జంటబంధం గుర్తులు నిటారుగా లేచి నిలబడ్డాయి. లెక్కగట్టి చూస్తే పొట్టి గొలుసుల్లో దాదాపు అన్నీ మా బాపతే.

"ఇది నీళ్ల పని కాదు సార్, వేడి పని," అంది సువర్చల.

వేదాద్రిగారు కళ్లజోడు తీసి తుడుచుకుని మళ్లీ పెట్టుకున్నారు. వేడి పెంచమన్నదెవరో గుర్తొచ్చినట్టుంది. మంచివారే, ఒప్పుకోవడానికి కాస్త సమయం పడుతుందంతే. తానే బీరయ్య దగ్గరికి నడిచి వెళ్లి, "తప్పు నాదయ్యా, సాక్ష్యం దొరికింది. నువ్వెక్కడికీ వెళ్లక్కర్లేదు," అన్నారు. నాకు ప్రాణం లేచొచ్చింది. ప్రాణం లేనిదాన్నే అనుకోండి.

బీరయ్య కళ్లు తుడుచుకుని సువర్చల వైపు తిరిగాడు. "నా దిక్కు సాక్ష్యం జెప్పింది ఎవలు మేడం? ఏదీ, సూపియ్యుండ్రి."

ఆమె మా సీసా ఎత్తి వెలుతురులో పట్టింది. అతను చాలాసేపు చూశాడు. జిగట తప్ప ఏమీ కనిపించి ఉండదు. అయినా చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి దండం పెట్టాడు.

తిరిగి పెడదామంటే నాకున్నది ఒక్క చెయ్యే.