నా అనే మాట

“ముక్కులు తుడిసే ఉద్యోగానికి ఫిలాసఫీ ఏటే?” అని మా ఆయన గణపతిరావు గారు నవ్వారు. నేను వంటింట్లో నిలబడి, అత్తయ్యకి పెట్టాల్సిన అన్నంలో పప్పునీళ్ళు పోసి మెదుపుతున్నాను. నాకు కోపం కూడా రాలేదు. కోపం తెచ్చుకోవాలన్నా కాస్త ఓపిక మిగలాలి కదా.

ఈ బెంగాలీ ఊళ్ళో మేముండే న్యూ సెటిల్‌మెంట్‌లో మా బడి చిన్నది. మాట రాని పిల్లలు, కుదురుగా కూర్చోలేని పిల్లలు, మామూలు బడులు వద్దని పంపేసిన పిల్లలు అక్కడికి వస్తారు. ఈ రోజు కొత్త కమిటీవాళ్ళు వచ్చి కూర్చుంటారు. ఈ పిల్లలకి చదువు చెప్పడంలో తను నమ్మేదేమిటో ఒక్కో టీచరూ వాళ్ళ ముందు నిలబడి చెప్పాలి. పెద్ద పిల్లల తరగతి నాకిప్పించాలని హెడ్‌మిస్ట్రెస్ ఏంజలిన్ గారి ఆశ. “పుస్తకం మాటలొద్దమ్మా మీనా. నువ్వేటి నమ్మి సేస్తన్నావో అదే సెప్పు” అన్నారావిడ. నేనేం నమ్ముతున్నానని పుట్టింట్లో గానీ అత్తింట్లో గానీ ఎవరూ అడిగిన పాపాన పోలేదు. కూరలో ఉప్పెందుకు తగ్గింది, ఇస్త్రీ ఎందుకవలేదు, ఇవీ నన్నడిగే ప్రశ్నలు. అందుకే వారం రోజులుగా అంట్లు తోముతూ, బట్టలు జాడిస్తూ ఏంజలిన్ గారి ప్రశ్ననే మనసులో తిప్పుకుంటున్నాను.

ఉద్యోగంలో చేరిన కొత్తలో పిల్లల చేత మాటలు పలికించడమే నా పని అనుకునేదాన్ని. అమ్మ, నీళ్ళు, నమస్తే. ఇంటికొచ్చిన వాళ్ళకి పిల్ల నమస్తే చెబితే తల్లిదండ్రులకి పండగే. అలాంటి రోజుల్లో డయానా అనే పిల్ల మా బడికి వచ్చింది. నోట్లో అరటిపండు ముక్క పెట్టబోతే గోడవైపు తల తిప్పేసుకునేది. మొండిఘటం అన్నారంతా. రోజూ గడ్డం పట్టుకుని ఇటు తిప్పేవాళ్ళం. ఒకరోజు నాకు ఒంట్లో బాగాలేదు, రాత్రి నిద్ర లేదు, తిప్పే శక్తి లేక చెయ్యి వెనక్కి తీసుకుని “వద్దా? సరే” అన్నాను. ఆ పిల్ల నా ముఖంలోకి సూటిగా చూడడం అదే మొదటిసారి. ఒక మనిషి వద్దంటే ఇంకో మనిషికి వినపడుతుందని దానికి అప్పుడే తెలిసిందనుకుంటాను. వద్దన్నది వినేవాళ్ళు లేనప్పుడు మిగతా మాటలన్నీ నేర్చుకుని ఆ పిల్ల ఏం చేసుకుంటుంది? అప్పట్నుంచీ నా తరగతిలో మొదటి పాఠం అదే. అడగాలి, అడిగాక నోరు మూసుకుని ఆగాలి, వచ్చిన జవాబుని నమ్మాలి. ఇది ట్రైనింగులో నేర్చుకున్నది కాదు, నీరసంలో దొరికింది. కమిటీవాళ్ళకి దీన్నెలా చెప్పాలో మాత్రం తెలియడం లేదు.

గిన్నె తీసుకుని అత్తయ్య మంచం దగ్గరికి వెళ్ళాను. వానలకి ముందు పక్షవాతమొచ్చి ఆవిడకి కుడిచెయ్యీ మాటా పోయాయి. పొద్దున్నా రాత్రీ తినిపించేది నేనే. మధ్యాహ్నం కూడా బడి నుంచి పరుగెత్తుకొచ్చి పెట్టి వెళ్తాను. “జీతం తెచ్చీసినంత మాత్రాన గిన్నెలు వాటంతటవే తోముకోవు” అని నన్ను దులిపేసిన మా అత్తయ్య చిట్టెమ్మ గారికి ఇప్పుడు ఒకే ఒక్క మాట మిగిలింది. నా.

ఆ మాట మొదటిసారి విని మా ఆయన వలవలా ఏడ్చారు. “నా కొడుకు అంతన్నాది, నా కొడుకు!” అని వచ్చినవాళ్ళందరికీ చెప్పారు. నేను అన్నం పెడుతుంటే కూడా ఆవిడ నా అనేది. నా కోడలు అంటోందనుకుని నేనూ కరిగిపోయాను. ఇన్నేళ్ళలో నన్ను పేరు పెట్టి పిలవని మనిషి ఇప్పుడు నా అంటుంటే ఎవరు కరగరు?

మా ఆయనకి ఈ రోజు డ్యూటీ లేదు, రెస్టు. వచ్చి మంచం అంచున కూర్చున్నారు.

“అమ్మా, మీనా స్కూలు మానీస్తాది. ఇకమీదట రోజంతా నీ కాడే ఉంటాది.”

“నా” అంది అత్తయ్య.

“ఇన్నావా? నా కోడలు అంతన్నాది. ఇంకేటి కావాలే నీకు? ఇయాల ఎల్లి, ఆ ఫిలాసఫీ బదులు మానేస్తన్నానని సెప్పీసి వొచ్చీ.”

నా చేతిలో చెంచా అత్తయ్య పెదవుల దాకా వెళ్ళింది. ఆవిడ మళ్ళీ నా అంటూ గోడవైపు తల తిప్పింది. అచ్చం డయానా తిప్పినట్టే. నా చెయ్యి ఆగిపోయింది.

బాగున్న రోజుల్లో ఈవిడ గోల్ బజార్‌లో బెంగాలీ చేపలబ్బాయి ధర చెప్పగానే “నా, నా, దాదా!” అని విసురుగా వెనుదిరిగేది. ఇంట్లో నా నోట ఒక్క బెంగాలీ ముక్క దొర్లినా ఊరుకునేది కాదు. అందుకే ఇంట్లో ఆవిడ నోట ఆ భాష వస్తుందని మాకెవరికీ తట్టలేదు.

చెంచా వెనక్కి తీశాను. “అత్తయ్యా, అన్నం వొద్దా?” అని ఆగాను.

“పెట్టవేటి?” అన్నారాయన.

“ఆగండి.”

ఆవిడ ఎడమచేత్తో గిన్నెని తోసింది. “నా.”

“మంచినీళ్ళు తాగుతారా?”

ఈసారి నా అనలేదు. నోరు తెరిచింది. గ్లాసు పట్టుకుంటే గడగడా తాగింది.

“నేను బడి మానీసి ఇంట్లో ఉండిపోనా?”

“నా! నా!” చేపల బజారులో అరిచినట్టే అరిచింది. అది నామీద ప్రేమ అని నన్ను నేను మోసం చేసుకోను. రోజంతా నా ముఖం చూస్తూ ఉండడం ఆవిడకీ ఇష్టం లేదేమో. అయినా అది జవాబే.

మా ఆయన ముఖం వాడిపోయింది. “అయితే నా కొడుకు అని కాదా?”

“నా అంటే బంగ్లా బాసలో వొద్దనండీ. పడిపోయిన కాడినుంచీ అదే అంతన్నాది. మనం ముద్దుగా ఇని నోట్లో కుక్కుతున్నాం.” ఆవిడ మీద జాలేసింది, నామీద నాకే అంతకంటే ఎక్కువ జాలేసింది.

గిన్నె ఆయన చేతిలో పెట్టాను. “ఆకలేస్తాదేమో, కాసేపాగి అడగండి. మద్దేన్నం కూడా మీరే పెట్టాలి. నేను మీటింగు అయ్యేదాకా రాను.” చీర కుచ్చిళ్ళు సర్దుకుని బ్యాగు భుజానికి తగిలించుకున్నాను.

“అంటే మానవా?” ఆయన గిన్నె పట్టుకుని నా వెనకే గుమ్మం దాకా వచ్చారు. “నేనేటి సెప్పినా ఊఁ కొట్టినదానివి, వొద్దని ఎప్పుడైనా అన్నావేటి?”

చెప్పులు వేసుకుని ఆయన వైపు తిరిగాను. “అత్తయ్య బంగ్లాలో అన్నాది కాబట్టి మీకు తెలీలేదు. నేను తెలుగులోనే అన్నాను కదండీ, ఇన్నేళ్ళూ.”