బంగారు పూత

సీసాలోని పలచటి ఆల్కహాలు వంచేసి, అంతకంటే ఘాటైనది పోసింది చెల్లెలు. అడుగున గోరంత ప్లాస్టిక్ గొట్టం ముక్క ఒకసారి పొర్లి ఆగింది. పై అంతస్తులో పడుకున్న అక్క పొట్టలో అమర్చిన గొట్టం బయటి కొస నుంచి కోసిన ముక్క అది.

ఆసుపత్రి నేలమాళిగలో, కిటికీ లేని ఆ గదిలో ఆమె పని ఇదే. రోగుల ఒంట్లో గూడు కట్టిన బాక్టీరియాను ఆల్కహాలుతో మెల్లమెల్లగా తడి ఆర్చి, పల్చగా బంగారు పూత పూసి, ఎలక్ట్రాన్ మైక్రోస్కోపుకు అప్పజెప్పడం. పూత లేకపోతే బొమ్మ సరిగా రాదు. తడి మిగిలితే గూడు కుప్పకూలుతుంది. ఆసుపత్రిలో అందరికీ ఆమె బంగారమ్మ.

అక్క జ్వరం దిగడం లేదు. రక్తపరీక్షల్లో ఏమీ దొరకలేదు. “గొట్టం మీద గూడు కనబడితే ఇవాళే కోసి మొత్తం తీసేస్తానమ్మా. కనబడకుండా ఇంత నీరసంగా ఉన్న మనిషిని ఎలా కొయ్యను?” అన్నాడు డాక్టరు.

పొద్దున పలకరించడానికి వెళితే, ఇస్త్రీపెట్టె పట్టి పట్టి కాయలు కాసిన చెయ్యి చాచింది అక్క. తల్లి లేని ఇంట్లో చెల్లెలికి జడలు వేసి, ముద్దలు పెట్టిన చెయ్యి అది.

“ఏమే, పురుగులకి బంగారం పెడతావంట! నాకో ఉంగరమన్నా పెట్టావే ఎప్పుడైనా?”

“లేచి రా, పెడతా.”

“లేస్తాలే. నువ్వు కంగారుపడకు. చిన్నప్పుడూ అంతే, ఆరకుండానే బట్టలు మడత పెట్టేసేదానివి.”

అయినా కంగారుపడింది. ఒక్కో ఆల్కహాలులో ముక్కను బాగా నాననివ్వాలి. అక్క ఆయాసం చెవుల్లో గుయ్‌మంటుంటే ఆగలేకపోయింది. గబగబా పోసి, వంచి, పూత పూసి, యంత్రంలో పెట్టింది. తెర మీద పగుళ్లు వారిన ఎండు బురద. అది గూడో, వట్టి మురికో చెప్పే వీల్లేదు.

“ఇందులో ఏముందమ్మా?” అన్నాడు డాక్టరు.

“ఉంది సార్. నేనే పాడు చేశాను. ఇంకో ముక్క ఇప్పించండి, మీ కాళ్లు పట్టుకుంటా.”

ఆయన ఇంకో ముక్క కోసి పంపించాడు.

ఈసారి తొందరపడలేదు. పైకి పరుగెత్తి అక్క పక్కన కూర్చోవాలని ప్రాణం పీకుతోంది. లేస్తే మళ్లీ ఎక్కడ తప్పు చేస్తానోనని కుర్చీ అంచు గట్టిగా పట్టుకుని, సీసానే చూస్తూ కూర్చుంది.

ఎండ వాలే వేళకు తెర మీద బొమ్మ నిలిచింది. గింజల్లాంటి బాక్టీరియా ఒకదాన్నొకటి కరుచుకుని గుట్టలు గుట్టలుగా ఉన్నాయి. మధ్యన సన్నటి సందులు, పైన జిగురు దారాల పందిరి. ఏ మందూ చొరబడలేని ఊరు.

“ఉంది!” అని ఖాళీ గదిలో అరిచి, బొమ్మ అచ్చు తీసుకుని మెట్లెక్కింది.

మంచం మీద దుప్పటి అక్క ముఖాన్ని కూడా కప్పేసి ఉంది.

“నీకోసం అడిగిందమ్మా,” అంది నర్సు. “కబురు పెట్టనా అంటే, వద్దు, దాని పని దాన్ని చేసుకోనివ్వండి అంది.”

డాక్టరు బొమ్మ అందుకున్నాడు. “ఇది పొద్దున్నే వచ్చుంటే...” అన్నాడు.

అక్కను తీసుకుపోయే ముందు ఆమె కిందికి దిగి, యంత్రం కట్టేసి, లోపలి ముక్కను పట్టకారుతో బయటికి తీసింది. పింగాణీ పళ్లెంలో పెట్టి, దీపం ఆర్పడం మరిచి వెళ్లిపోయింది. అడ్డంగా కోసిన ఆ గొట్టం ముక్క తెల్లటి పళ్లెం మధ్యలో గుండ్రంగా, బంగారు పచ్చగా మెరుస్తూ ఉంది.