మగ్గానికి సవతిని

నేను ఒక వాకర్‌ని. నాలుగు అల్యూమినియం కాళ్లు, నాలుగు రబ్బరు బూట్లు, పట్టుకోవడానికి రెండు పిడులు. ఏ ఊళ్లో పుట్టానో గుర్తులేదు గానీ, నాతోపాటు కోసిన గొట్టాలు కొన్ని కిటికీ తెరల కడ్డీలయ్యాయని విన్నాను. వాటికి హాయి. ఏ ఇంట్లో బిగిస్తే ఆ ఇంట్లోనే ఉండిపోతాయి. నా బతుకు అలా కాదు, మనిషి కుంటుతున్నంతకాలమే నాకు మర్యాద.

ముందే చెప్పేస్తున్నాను, నాకు కుళ్లు ఎక్కువ. ఎందుకుండదు చెప్పండి? మొదట నన్ను కొనుక్కున్న రిటైర్డ్ లెక్కల మాస్టారు, మోకాలి ఆపరేషన్ అయినప్పటి నుంచీ నన్ను వదిలితే ఒట్టు. "ఇది లేకపోతే నేను లేను" అని వచ్చినవాళ్లందరికీ చెప్పాడు. నేనూ నమ్మాను. నెల తిరిగేసరికి చేతికర్ర ఒకటి తెచ్చుకున్నాడు. ఒంటికాలిది! నాలుగు కాళ్లున్న నన్ను అటకెక్కించి, దాన్ని పట్టుకుని బజారుకు షికారు వెళ్లాడు. తర్వాత ఎప్పుడో, ఫిజియోథెరపీ చేసే షబీనా అనే అమ్మాయికి నన్ను ఇచ్చేశాడు. ఆమె నన్ను చీరాల పక్కన ఒక నేతపేటకు, తిరుపతమ్మ ఇంటికి తెచ్చింది.

తిరుపతమ్మకు అరవై దగ్గర పడ్డాయి. కుడి మోకాలు మార్పించుకుని వారమైంది. ఆమె అరచేతులు నా పిడుల మీద పడగానే, ఈమెను మాత్రం ఎవరికీ ఇవ్వను అనుకున్నాను. గరుకు చేతులు, గట్టి పట్టు. మంచం నుంచి గుమ్మం దాకా, గుమ్మం నుంచి దొడ్డి దాకా ఇద్దరిదీ ఒకటే నడక. కానీ రోజూ షబీనా వెళ్లిపోయాక ఆమె నన్ను తీసుకెళ్లి ఆగేది ఒక్కచోటే, పక్క వసారాలో మగ్గం గుంట అంచున. బరువంతా నా మీద వేసి, దాని వంక చూస్తూ నిలబడేది. నా మీద వాలి దాన్ని చూడటమా! కడుపు మండిపోయేది.

ఆ మగ్గం మీద సగం నేసిన చీర ఉంది. ఆవపువ్వు రంగు, ఎర్రంచు. మిగతా సగం ఆమె భర్త మార్కండేయులు నేసేయొచ్చుగా? నేయడు. చేయి మారితే గుడ్డలో తెలిసిపోతుందట, పోగును బిగించే దెబ్బ ఒక్కొక్కరిది ఒక్కో తీరట. నేస్తే తిరుపతమ్మే నేయాలి, లేదంటే పడుగు కోసేయాలి.

షబీనా వచ్చినప్పుడల్లా మోకాలు వంచి, ప్లాస్టిక్ స్కేలుతో కోణం కొలిచేది. "అబ్బా, చచ్చానే తల్లీ" అని ఈమె, "ఇంకొంచెం పెద్దమ్మా, ఇంకొక్క కొంచెం" అని ఆమె. మూడో వారానికి డెబ్బై డిగ్రీలు వచ్చింది. తొంభై రావాలి. ఆ రోజే మార్కండేయులు భయపడుతూ అడిగాడు.

"అమ్మాయ్, మా ఆడమనిషి మళ్లీ గుంటలో కూర్చోవచ్చంటావా?"

షబీనా స్కేలు కింద పెట్టేసింది. "నేల మీద కూర్చోవడమే వద్దంటుంటే గుంటలో గొంతుక్కూర్చుంటారా? ఆ మాటే ఎత్తకండి బాబాయ్."

వేరే జిల్లా నుంచి ఉద్యోగానికొచ్చిన పిల్ల. వసారాలోకి ఎన్నడూ తొంగిచూడలేదు. గుంట అనగానే ఏదో గొయ్యి అనుకుంది. వీళ్లకేమో గుంటలో కూర్చోవడమంటే అంచు మీద కూర్చుని కాళ్లు లోపలికి వేలాడేయడం. అది చెప్పాల్సిన సంగతని వీళ్లకు తోచనే లేదు. నాకు మాత్రం తెలుసు, రోజూ ఆ అంచున నిలబడేదాన్ని కదా. చెప్పడానికి నోరు లేదు. ఉన్నా చెప్పేదాన్ని కాదు.

ఆ రోజు నుంచి తిరుపతమ్మ కాలు వంచడం మానేసింది. "ఇంకెందుకులే, మంచం దిగి మంచం ఎక్కడానికి ఇది చాలదూ?" అంది. డెబ్బై కాస్తా అరవై అయింది. కాలు బిగుసుకుపోతుందని షబీనా ఎంత కోప్పడినా వినలేదు. మార్కండేయులు చూడలేక, పడుగు కోసేసి, గుంట పూడ్చేసి సిమెంటు చేయిస్తే వాకర్‌తో ఇల్లంతా తిరుగుతుందిలే అనుకున్నాడు. అంటే నా కోసం! వాకిట్లో ఇసుక, ఇటుకలు దిగుతుంటే నా ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

ఆ సాయంత్రం తిరుపతమ్మ మళ్లీ నన్ను గుంట దగ్గరికి తీసుకెళ్లింది. ఏడ్చింది. ఏడుస్తుంటే నా పిడి మీద ఆమె వేళ్లు పడుగు మధ్య నూలు నాడెను అటూ ఇటూ విసురుతున్నట్టే కదిలాయి. నన్ను పట్టుకున్న చేతులు కూడా దానివేనా? నాకు కుళ్లు ఇంకా పెరిగింది.

మర్నాడు షబీనా ఇసుక చూసి ఆగిపోయింది. "ఇదెందుకు బాబాయ్?"

"మగ్గం గుంట పూడ్చేద్దామనమ్మా. నువ్వే కూడదంటివి గదా."

"ఏదీ, చూపించండి."

చూసింది. తర్వాత అంచు మీద కూర్చుని, కాళ్లు లోపలికి వదిలి, కింది పలకలు ఒకటీ రెండూ తొక్కింది.

"యా అల్లా! ఇది కుర్చీలో కూర్చున్నట్టే కదా పెద్దమ్మా! రోజూ మిమ్మల్ని బతిమాలి చేయించేది ఈ తొక్కుడే కదా!"

"గుంటంటే గుంటే కదమ్మా, నువ్వేమనుకున్నావు?" అంది తిరుపతమ్మ.

నా కోసం తెచ్చిన ఇసుకా ఇటుకలతో దిగడానికి గుంటలోనే ఒక మెట్టు కట్టారు. చూశారా నా ఖర్మ! ఇక తిరుపతమ్మను ఎవరూ బతిమాలలేదు. పళ్లు బిగబట్టి తనే వంచుకుంది. డెబ్బై ఐదు, ఎనభై నాలుగు, ఏడో వారానికి తొంభై రెండు.

దిగే రోజున నన్ను అంచున నిలబెట్టారు. నన్ను పట్టుకునే దిగాలి. నేను జారితే ఆమె పడుతుంది, పడితే మళ్లీ నా దగ్గరికే వస్తుంది. ఆ ఆలోచన వచ్చింది, దాచను. నాలుగు కాళ్లూ బిగబట్టి నిలబడ్డాను. ముందు ఎడమ చేయి వదిలింది, తర్వాత కుడి చేయి. వెనక్కి తిరిగి చూడను కూడా లేదు.

చీర పూర్తయ్యాక మార్కండేయులు మంచం మీద పరిచి, ఒకచోట వేలు పెట్టాడు. "ఇక్కడ తెలిసిపోతోంది చూడు, చేయి మారినట్టుంది."

"చేయి కాదయ్యా, కాలు మారింది" అని నవ్వి, ఆ చీర ఎవరికీ ఇవ్వకుండా తనే కట్టుకుంది.

రేపు షబీనా వచ్చి నన్ను ఇంకో మోకాలి దగ్గరికి తీసుకెళ్తుంది. ప్రస్తుతం వసారా మూలన నా మీద తడి నూలు ఆరేసి ఉంది. మగ్గం టకటకమంటూనే ఉంది, నా కడుపు మండుతూనే ఉంది. కానీ తిరుపతమ్మ ఆ చీర కట్టుకుని ఇటు వచ్చినప్పుడు చూస్తాను. మార్కండేయులు వేలు పెట్టిన చోట, ఈ అంచు నుంచి ఆ అంచు దాకా సన్నటి గీత. ఆమె మగ్గం ఎక్కకుండా నాతో ఉన్న ఏడు వారాలూ అక్కడే ఉన్నాయి. చీరంతా మగ్గానిదే కానివ్వండి. ఆ గీత మాత్రం నాది.