ముందు మామూలు ఊపిరి

కాగుతున్న నూనెలో బోర్సోక్ పిండిముక్కలు వేయిస్తున్న బురుల్ వెనక నిలబడి అత్తగారు అంది: "శనివారం సెలవు పెట్టెయ్. చిన్నవాడి కొడుకు తొట్టెల పండక్కి బంధువులంతా వస్తున్నారు. చాయ్ పొయ్యాల్సింది పెద్దకోడలే కదా!"

"ఆస్పత్రిలో పిల్లల ఊపిరి పరీక్షలున్నాయి అత్తయ్యా."

"ఊదించడమేగా! వేడి సూపు మీద ఊదమంటే మనింట్లో పసివాళ్ళూ ఊదుతారు."

భర్త మెదెర్ ఫోన్లోంచి తల ఎత్తకుండానే నవ్వాడు.

బురుల్ ఊపిరితిత్తుల డాక్టరు. బిష్కెక్‌లో చలికాలం వస్తే బొగ్గు పొగ గొంతులో దిగబడుతుంది. ఆ పొగ పిల్లల్ని ఏం చేస్తోందో తేలాలంటే ముందు ఆరోగ్యంగా ఉన్న పిల్లల ఊపిరి ఎలా ఉంటుందో తెలియాలి. అందుకే ఆస్పత్రిలో బడిపిల్లల్ని కొలుస్తున్నారు. పరీక్షలు రెండు. ఒకదానికి నిండా గాలి పీల్చి ఉన్న బలమంతా పెట్టి ఊదాలి. రెండోదానికి ఊరికే కూర్చుని మామూలుగా ఊపిరి తీసుకుంటే చాలు. గట్టిగా ఊదాక కొందరు పిల్లల్లో రెండో కొలత మారిపోవచ్చు, మామూలు ఊపిరే ముందు కొలుద్దామని ఆమె మొదటిరోజే చెప్పింది. పెద్ద డాక్టరు ఒమూర్‌బేక్ వినలేదు. "ఏ యంత్రం ఖాళీగా ఉంటే అది కానివ్వమ్మా. ఉప్పు ఎక్కువైందా తక్కువైందా అన్న మీ ఆడవాళ్ళ యావ ఇక్కడ కూడానా?" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. తనూ నవ్వింది. ఆ నవ్వు తలుచుకుంటే ఆమెకి ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అలా ముందు ఊదించి కొలిచిన బెగాయిమ్ అనే పిల్లకి శ్వాసనాళాలు బిగుసుకున్నట్టు వచ్చింది. తల్లి హడలిపోయి పిల్ల ఇష్టంగా నేర్చుకుంటున్న కుస్తీ మాన్పించేసింది. "దిగులుతో పిల్ల అన్నం కూడా తినడం లేదు డాక్టరుగారూ," అని నిన్న ఫోన్లో ఏడ్చింది.

బురుల్ పొయ్యి ఆపింది. "సెలవు పెట్టను."

"అమ్మ పరువు తీస్తావా? ఆ రిపోర్టులో నీ పేరు కూడా ఉండదు, ఎందుకంత తాపత్రయం?" అన్నాడు మెదెర్.

"నా పేరు సంగతి తర్వాత చూసుకుంటా. ఆ పిల్ల పేరు మీద లేని జబ్బు రాశామేమో, అది తేలాలి."

శనివారం ఆమె బెగాయిమ్‌ని కూర్చోబెట్టి, పిల్ల కుదుటపడ్డాక ముందు మామూలు ఊపిరి కొలిచింది. మళ్ళీ మళ్ళీ కొలిచింది. బిగువు లేదు. ఆ తర్వాతే ఊదించింది. పిల్ల బుగ్గలు ఎర్రబడేలా ఊదింది.

"జబ్బేం లేదమ్మా. తేడా మా కొలతలో వచ్చింది. కుస్తీకి పంపండి," అంది తల్లితో. ఆవిడ పిల్లని పొదువుకుంది.

గుమ్మంలో ఒమూర్‌బేక్ నిలబడి ఉన్నాడు. "నన్నడక్కుండానే మొదలుపెట్టావా?"

"అడిగితే నవ్వారు కదండీ. అందుకే మళ్ళీ అడగలేదు. మిగతా పిల్లల్ని కూడా పిలిపిస్తున్నాను. అందరివీ కొలిచేదాకా ప్రతి శనివారం వస్తాను."

ఆయన లోపలికొచ్చి తెరమీది అంకెలు చదివాడు. గొంతు తగ్గించి, "మీ ఇంట్లో ఏమంటారో?" అన్నాడు.

"ఏమైనా అనుకోనివ్వండి," అని బురుల్ తలుపు తీసింది. తర్వాతి పిల్ల పరిగెత్తుకొచ్చి గొట్టం అందుకుంది.

"ఊదకు తల్లీ," అంది బురుల్ కుర్చీ ముందుకు జరుపుతూ. "నెమ్మదిగా కూర్చో. ముందు నీ మామూలు ఊపిరి చూద్దాం."