వేపాకు చేదుగానే ఉంది

మూడో కుండీ పక్కనున్న ఆకులు లాగుతుండగా ఎడమచేతి మణికట్టు దగ్గర ఏదో చురుక్కుమంది. చెల్లసామి చెయ్యి వెనక్కి తీసుకుని చూసుకున్నాడు. ఆవగింజల్లాంటి రెండు చుక్కలు. నెత్తురు కూడా సరిగ్గా రాలేదు. అదే క్షణంలో ఆకుల మధ్య జానెడు నల్లని నిగనిగ ఒకటి కనిపించి, తొందరేమీ లేనట్టు మల్లెపొద మొదట్లోకి జారిపోయింది.

తాడును చూసి పామనుకుని ఉలిక్కిపడేవాళ్లు లోకంలో బోలెడుమంది. చెల్లసామి మాత్రం పామును చూసి పాత నీళ్లపైపు ముక్క అనుకోవాలని శతవిధాల ప్రయత్నించాడు. పైపు ముక్కలు వాటంతట అవి పాకవని అతనికి తెలియక కాదు.

పంగుణి నెల మొదటి వారం, మార్చి నడుమ. కోవిల్పట్టిలో వేపచెట్లు ఆకు రాల్చి ఎర్రని చిగుళ్లు తొడిగే రోజులు. రాలిన ఆకంతా గాలికి కొట్టుకొచ్చి కుండీల సందుల్లో, పొదల మొదళ్లలో జానెడెత్తు పేరుకుంటుంది. దాన్ని ఎత్తిపోసి, గులాబీల ముదురుకొమ్మలు కత్తిరించి, పాదులు తవ్వి మేకపెంట వేసి, బెండ, కాకర గింజలు పెట్టాలి. ఇరవై ఆరేళ్లుగా నాయకరింటి తోటలో ఏటా ఈ వారంలో అతను చేసే పని ఇదే. చేతులకు ఒకరు చెప్పక్కర్లేదు, వాటిపాటికి అవి చేసుకుపోతాయి. ఆ ధీమాతోనే ఇవాళ ఆకుల్ని ముందు కట్టెతో కదపకుండా నేరుగా చెయ్యి పెట్టాడు.

అతనికి భయం వేసింది. అయితే ఆ భయం ఒక్క ప్రాణం గురించే అయితే ఈపాటికి పరుగెత్తి ఆస్పత్రిలో ఉండేవాడు.

రెండేళ్ల కిందట వరండా మెట్టు మీద కుబుసం కనపడింది. నాయకరింటి కోడలు సత్యప్రియ మూడు రోజులు కంటిమీద కునుకు వెయ్యలేదు. ఆమె చెడ్డమనిషి కాదు. చెల్లసామి భార్య మాయక్కాళ్‌కి మోకాళ్ల నొప్పులొస్తే మాత్రలు తెప్పించి ఇచ్చేది ఆమే. మదురైలో మూడో అంతస్తులో పెరిగిన మనిషి, నేలమీద పాకేదాన్ని దేన్ని చూసినా వణుకు. "చెల్లసామన్నా, ఈ కాంపౌండులో ఇంకొక్క పాము కనపడిందంటే తోటంతా ఎత్తేసి టైల్స్ పరిపిచ్చేస్తా. ఆడపిల్ల తిరిగే ఇల్లు. నాకు బయంగా ఉండాది" అంది. "నామీద ఆనమ్మా, ఈ తోటలో పురుగూ లేదు, పుట్టా లేదు" అని అతను నెత్తిమీద చెయ్యి పెట్టుకున్నాడు.

పత్తీ సజ్జా తప్ప ఇంకేదీ మొలవనివ్వనని మొండికేసే నల్లరేగడి అది. ఎండాకాలం వస్తే పిడికిలి పట్టేంత బీటలు. ఆ నేలలో గుంటలు తీసి, గుంట గుంటకూ ఎర్రమట్టి మోసుకొచ్చి నింపి, గులాబీ పూయించాడు, నిమ్మ కాయించాడు. అంతకు ముందు అగ్గిపెట్టెల ఫ్యాక్టరీలో పుల్లల్ని మందులో ముంచేవాడు, దగ్గుతూ. ఊళ్లో చెల్లసాములు వీధికి పదిమంది. నాయకరింటి తోట చెల్లసామి అంటే మాత్రం ఒక్కడే. టైల్స్ పరిస్తే ఆ ఒక్కడు కూడా పోతాడు.

అందుకని తనకు తెలిసిన పరీక్ష ఒకటి పెట్టుకున్నాడు. వాళ్ల ఊరు నాగలాపురంలో ఎవరికి పురుగు ముట్టినా, అంటే పాము కరిచినా, ముందు నోట్లో వేపాకు పెట్టేవాళ్లు. చేదు తెలిస్తే విషం ఎక్కనట్టు. తియ్యగా ఉంటే కట్టు కట్టి బండెక్కించాలి. అతని నాన్న, తాత అందరూ నమ్మిన మాట. చిగురాకు చేదు తక్కువ, మోసం చేస్తుంది. అందుకని పైకొమ్మ వంచి, రాలకుండా మిగిలిన ముదురాకు వెతికి నాలుగు రెబ్బలు నమిలాడు.

చేదు. నాలిక మెలితిరిగేంత చేదు.

హమ్మయ్య అనుకుని గట్టుమీద కూలబడ్డాడు. పావుగంట ఆగి మళ్లీ నమిలాడు. చేదే. చేతికి వాపు లేదు, మంట లేదు. గులాబీ కత్తెర తీసుకుని పని మొదలుపెట్టాడు. కొమ్మ కత్తిరించడం, మణికట్టు చూసుకోవడం, ఆకు నమలడం. వరండా తలుపు చప్పుడైనప్పుడల్లా చొక్కా చెయ్యి కిందికి లాక్కోవడం. ముళ్లమొక్కల మధ్య చుక్కలు ఎవరికైనా ఉంటాయని తనకు తనే చెప్పుకున్నాడు. అయినా కళ్లు మాత్రం మల్లెపొద వైపే పోతున్నాయి. దానికి వీపు తిప్పి ఒక్క నిమిషం కూడా నిలబడలేకపోయాడు.

పదకొండింటికి కడుపులో నొప్పి మొదలైంది. గిద్దెడు వేపాకు తిన్న కడుపు నొప్పి పెట్టక ఏం చేస్తుంది అని సర్దిచెప్పుకున్నాడు. పెద్దాస్పత్రి రెండు బస్టాపుల దూరం. పోతే చీటీ రాస్తారు, ఏ ఇల్లు, ఏ తోట అని అడుగుతారు. కోవిల్పట్టిలో ఒకరికి తెలిస్తే చాలు, మాట మనిషికన్నా ముందు ఇల్లు చేరుతుంది. చేదు తెలియకపోతే పోదాం, అప్పుడు తోట పోయినా సరే. ఇదీ అతను తనతో చేసుకున్న ఒప్పందం.

మధ్యాహ్నం వంటింటి వెనక గుమ్మం దగ్గర వంటమనిషి బొమ్మక్క చెంబుతో గంజి ఇచ్చి, అతని మొహంలోకి వంగి చూసింది.

"ఏమి చెల్లసామీ, కండ్లు వాలిపోతా ఉండాయి? రాత్రంతా నిద్ర లేదా?"

"మాయక్కాళ్ విరుదునగర్ పొయ్యింది గదక్కా, కూతురింటికి. ఇంట్లో ఒంటరిగా నిద్ర పట్టలే."

"పెండ్లామున్నప్పుడు పోట్లాట, లేనప్పుడు దిగులు. మొగోళ్లే ఇంత" అని ఆమె నవ్వింది.

గంజి మింగుడు పడటం లేదు. గొంతులో ఎవరో వేలు అడ్డం పెట్టినట్టుంది. చెంబు కింద పెట్టి అడిగాడు: "అక్కా, పురుగు ముట్టిన మనిషికి వేపాకు తియ్యగా ఉంటాదంటారే, నిజమేనా?"

"ఆమా. మా అమ్మ గూడా అట్లే చెప్పేది. ఎందుకు?"

"ఊరికే."

లోపల్నుంచి కుక్కరు కూత వేసింది. బొమ్మక్క వెళ్లిపోయింది. ఆమె మాట అతనికి పెద్ద ధైర్యమిచ్చింది. ఇంకో రెబ్బ నమిలి, చేదుగా ఉన్నందుకు మారియమ్మకు దండం పెట్టుకున్నాడు. అతని నాన్నా తాతా ఆ పరీక్షలో ఎంతమందిని పోగొట్టుకున్నారో ఎవరూ లెక్క చూడలేదు.

నాలుగున్నరకి ఒక నిమ్మచెట్టు రెండుగా కనపడింది. తల పైకెత్తితే గానీ రెప్పలు తెరుచుకోవడం లేదు. పారతో పాదు గట్టు కడుతుంటే చేతుల్లో పట్టు చాలక పార పక్కకు వాలిపోయింది. అతను దాన్ని రెండుసార్లు ఎత్తాడు, మూడోసారి ఎత్తలేదు.

అప్పుడే సత్యప్రియ కూతురు సంగవి స్టీలు గిన్నె పట్టుకుని వచ్చింది. ప్లస్ టూ చదువుతోంది. ఆ ఏటి మొదటి మొగ్గలు వేసినప్పటినుంచీ రోజూ సాయంత్రం మల్లెలు కోసుకోవడానికి వస్తుంది. వచ్చి నేరుగా పొద దగ్గర వంగి చెయ్యి చాపింది.

"చెయ్యి పెట్టొద్దు!"

ఇరవై ఆరేళ్లలో అతను ఆ ఇంట్లో గొంతెత్తడం అదే మొదలు. పిల్ల గిన్నె జారవిడిచింది.

"ఏమి తాతా? బయపెట్టేస్తిరే!"

మాట నాలిక చివరిదాకా వచ్చింది. పాము అనాలి. అంటే చాలు. అతను నోరు తెరిచి, వరండా వైపు చూసి, గులాబీల వైపు చూసి, "చీమలు పాపా. గండుచీమలు. నేను కోసిస్తా" అన్నాడు.

కోశాడు. ఎక్కడ ఉందో తెలియని దాని ఇంట్లో చెయ్యి పెట్టి, ఒక్కో మొగ్గ రెండుగా కనపడుతుంటే తడుముకుంటూ, ఆకు కదిలినప్పుడల్లా గుండె ఆగుతుంటే, గిన్నె సగం నిండేదాకా కోశాడు. చెమట కళ్లలోకి కారింది. సంగవి గిన్నె అందుకుంటూ అతని వైపు వింతగా చూసింది.

"తాతా, మీ మాట గొణగొణగా ఉండాది. ఒడంబు బాగలేదా?"

"బాగుండా. నువ్ పో."

ఆ పిల్ల జడ ఊపుకుంటూ వెళ్తుంటే అప్పుడు అర్థమైంది అతనికి. రేపు సాయంత్రం ఇదే వేళకు మళ్లీ వస్తుంది. అరవడానికి తను ఉండడు. పొద్దుటినుంచీ పడ్డ భయమంతా ఒక ఎత్తు, ఇది ఒక ఎత్తు. నోట్లో వేపాకు ఇంకా చేదుగానే ఉంది. దాన్ని ఉమ్మేశాడు.

గోడ వెనక ఖాళీ స్థలంలో ఎవరో కొట్టి పడేసిన సీమతుమ్మ కంప ఉంది. వెనక గేటు తీసుకుని వెళ్లి, నిలబడలేక కూర్చుని జరుగుతూ, మండ మండా లాక్కొచ్చాడు. ముళ్లు చేతుల్నిండా గీరాయి. ఎక్కడ గీరిందో తెలియడం కూడా మానేసింది. మొత్తం అయ్యేసరికి ఎండ దిగిపోయింది.

ఇక చెప్పేద్దామని వరండా దాకా వెళ్లాడు. టైల్స్ పరుచుకోనీ. సత్యప్రియ బయటికొచ్చి, మెట్టుమీద ఒరిగిన మనిషిని చూసి హడలిపోయింది. "చెల్లసామన్నా! ఏమాయె?" అతను నోరు తెరిచాడు. నాలిక తిరగలేదు. పెదవులు కదిలాయి, గాలి తప్ప ఏమీ రాలేదు. తోట వైపు వేలెత్తబోతే చెయ్యి లేవలేదు. ఆమె అతని తల ఒళ్లో పెట్టుకుని నీళ్లు తాగించబోయింది, డ్రైవరును కేకేసింది. కారు ఆస్పత్రి గేటు దాటేలోపే, వెనక సీట్లో, బొమ్మక్క భుజంమీద తల వాల్చి చెల్లసామి పోయాడు.

చేతులు రెండూ ముళ్లగీతలే. అన్ని గాట్లలో రెండు చుక్కల్ని ఎవరు ఏరగలరు? ఆస్పత్రిలో తోటపని మనిషికి గీతలు మామూలే అన్నారు, గుండె ఆగిందన్నారు. మాయక్కాళ్ విరుదునగర్ నుంచి మొదటి బస్సుకు వచ్చింది.

మర్నాడు సాయంత్రం సంగవి గిన్నె లేకుండా తోటలోకి వచ్చి నిలబడింది. వెనకే వచ్చిన సత్యప్రియ కళ్లు ఒత్తుకుంది.

"ఈ తోటను ఎప్పటికీ ఎత్తనులే. అన్న పేరు చెప్పుకోని ఇట్లే ఉండనీ. ఆ కంప ఏమి?"

"చీమలుండాయని తాత వేసినాడు."

"పదారో దినం కర్మ అయిపోనీ, కొత్త మనిషి వస్తాడు. తీసేయమందాం."

ఇద్దరూ లోపలికి వెళ్లారు. కోసేవాళ్లు లేక మల్లెమొగ్గలు పొదమీదే విచ్చుకుంటున్నాయి. వాటి చుట్టూ నడుమెత్తున సీమతుమ్మ కంప, ముళ్లన్నీ బయటివైపుకే తిప్పి, ఆడపిల్ల చెయ్యి దూరేంత సందు కూడా ఎక్కడా లేకుండా ఒత్తుగా పేర్చి ఉంది.