గచ్చు నిలవదు

అమూన్ గుడి దక్షిణపు గోడ మీద ఉలి ఆనించి మొదటి దెబ్బ వేసినప్పుడు పెందువాకి నోట్లో నీళ్లూరాయి. ఆ సంగతి అతనికే వింతగా తోచింది. ఆకలి వేళ కాదు. పొద్దున తిన్న రొట్టె, ఉల్లిపాయ ఇంకా కడుపులోనే ఉన్నాయి. పరంజా మీద అటూ ఇటూ చూశాడు. తక్కిన రాతిపనివాళ్లు ఎవరి గోడతో వాళ్లున్నారు. రెండో దెబ్బ వేశాడు. రాజు పేరు చుట్టూ ఉన్న తాడు బొమ్మ ఒక మూల చిట్లి, పొడిగా రాలి అతని మోకాళ్ల మీద పడింది.

ఆ తాడు చెక్కింది అతనే. అందులోని పేరూ అతను చెక్కిందే. ఆ రాజు బతికున్న రోజుల్లో తన పేరు ఎవరూ చెరపకూడదని, ఉలి పిడి దాకా దిగేంత లోతుగా చెక్కించుకున్నాడు. నదికి రెండు గట్ల మీదా అంత లోతుగా, అంచు చెదరకుండా చెక్కగలిగే చెయ్యి పెందువాదొక్కటే. ఇప్పుడు ఆ రాజు పోయాడు. రాజు కొడుకు కాదు, సేనాపతి సింహాసనం ఎక్కాడు. అంతకు ముందేలిన ముసలి రాజు తర్వాత తానే వచ్చాననీ, మధ్యలో ఎవరూ లేరనీ చాటింపు వేయించాడు. ఆ మధ్యవాడి పేరు గోడ మీద ఉండకూడదు, నోట ఉండకూడదు.

పెందువాకి ఈ పని ఇష్టంగా ఉంది. ఆ ఇష్టాన్ని అతను లోపల్లోపలే తిప్పి చూసుకున్నాడు, పంటి సందులో ఇరుక్కున్న గింజను నాలుకతో కదుపుతున్నట్టుగా. గుడి ముంగిట్లో ఆ రాజు విగ్రహం ఇంకా నిలబడే ఉంది. దాన్ని రేవు నుంచి లాక్కొస్తున్నప్పుడు తాడు తెగి, దుంగల బండి వెనక్కి జారి, లాగుతున్న కుర్రాళ్లలో ఒకణ్ణి నలిపేసింది. ఆ ఒక్కడు పెందువా కొడుకు. ఆ సాయంత్రమే కొత్త తాడు కట్టి మళ్లీ లాగారు. శుభగడియ దాటిపోతుందన్నారు. అప్పటి నుంచి ఆ రాజు పేరు చెక్కిన ప్రతిసారీ పెందువా చెయ్యి ఒక్క గీతయినా తప్పలేదు. ద్వేషం తన చేతిని ఇంత నిలకడగా ఉంచుతుందని అతనెప్పుడూ అనుకోలేదు.

"ఏమన్నా, ఒంటరిగా నవ్వుకుంటున్నావు?" కింది పలక మీంచి ఇపుయ్ అడిగాడు. ఇపుయ్ గోడలకి రంగులు వేసేవాడు. ఇప్పుడు వేయడానికి రంగేమీ లేక, రాలిన రాతిపొడి ఎత్తిపోస్తున్నాడు.

"నవ్వలేదు. దుమ్ము."

"నేను మాత్రం నవ్వుతున్నా. మా ఆవిడ నన్ను చేసుకున్నది నువ్వు చెరుపుతున్న ఈయన గద్దెనెక్కిన ఏడాది. మధ్యలో ఎవరూ లేరంటే ఆ ఏళ్లు లేనట్టే. అంటే నాకు పెళ్లే కాలేదు. ఇంత మేలు ఏ రాజు చేశాడు చెప్పు?"

"ఇంటికెళ్లి ఆవిడతో అను."

"అన్నాను. రొట్టెల పెనం విసిరింది. లేని పెళ్లానికి అంత గురి ఎక్కణ్ణించి వచ్చిందో."

పెందువా ఈసారి నిజంగానే నవ్వాడు. ఇపుయ్ నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఏదో గుర్తొచ్చినవాడిలా తలెత్తి పెందువాని చూసి, గంప ఎత్తుకుని పక్కకి వెళ్లిపోయాడు.

ఎండ చల్లారుతుండగా అధికారి యుపా వచ్చాడు. సన్నని నార బట్ట, నున్నగా గీసిన తల. చెరిపివేత పని అంతా అతని పర్యవేక్షణలోనే సాగుతోంది. మనిషి మర్యాదస్తుడు. పనివాళ్లతో గొంతు పెంచి మాట్లాడడు.

"ఇంత లోతు చెక్కడాన్ని పూర్తిగా తొలిచేదాకా ఆగితే వరద వచ్చేస్తుంది. గచ్చు నింపి, పైన కొత్త పేరు చెక్కేద్దామా? మీరేమంటారు?" అని నలుగురినీ అడిగాడు.

నలుగురూ తలలూపారు. గచ్చు అయితే పని తేలిక. పెందువా కూడా తలూపి ఊరుకోవచ్చు. కానీ లోపల ఆ గింజ కదిలింది. ఆ రాజు పేరు గచ్చు కింద చెక్కుచెదరకుండా, చల్లగా, హాయిగా పడుకుని ఉండడం అతనికి కనిపించింది.

"గచ్చు నిలవదయ్యా," అన్నాడు. "ఎండకీ చలికీ వదులైపోతుంది. మన మనవల కాలానికి పెళ్లలు ఊడతాయి. పాత పేరు మళ్లీ బయటికి చూస్తుంది. చెరపాలంటే, పేరు ఎంత లోతుందో అంత లోతుకీ రాయి మొత్తం తీసెయ్యాలి. అడుగున నునుపు చేసెయ్యాలి. అప్పుడు దేవుడు కూడా చదవలేడు."

యుపా అతని వైపు తిరిగాడు. "నీకు ఆ పనిమీద మనసుంది," అన్నాడు మెచ్చుకోలుగా. "అలాగే కానివ్వండి. రెండు గట్ల మీదా, ఆ పేరు ఎక్కడుంటే అక్కడ."

పడవలో నది దాటుతున్నంతసేపూ ఇపుయ్ మాట్లాడలేదు. పడమటి రేవులో దిగాక, గాడిదల బాట మీద అందరినీ ముందుకి పోనిచ్చి, పెందువా భుజం పట్టుకున్నాడు.

"రెండు గట్లన్నాడు, విన్నావా?"

"విన్నాను."

"విని కూడా అలా నడుస్తున్నావేమిటన్నా? నీ కొడుకు పేరేమిటి?"

పెందువా నోరు తెరిచాడు. పేరు నాలుక చివరిదాకా వచ్చి ఆగింది. ఆ పేరు పైకి అనకూడదు.

ఆ రాజు గద్దెనెక్కిన రోజునే వాడు పుట్టాడు. ఊరంతా బీరు తాగి చిందులేస్తున్న రోజు. పెందువా సంబరపడి రాజు పేరే పెట్టాడు. ఆ పేరున్నవాడికి రాతిలో తాడు చుట్టు చెక్కుకునే భాగ్యం కూడా ఉంటుందని ఇరుగుపొరుగు అసూయపడ్డారు. వాడు పోయాక కొండ వాలులో ఉన్న చిన్న సమాధి గదిలో, వాకిలికి ఎదురుగా, ఆ తాడుతో సహా పేరు చెక్కాడు. ఎవరూ చెరపలేనంత లోతుగా.

రెండు పేర్లూ ఒకటేనని అతనికి తెలియక కాదు. కానీ గుడి గోడ మీద ఉన్నది రాజు. వంటింటి గుమ్మంలో నిలబడి పిలిచినది కొడుకుని. తన మనసు ఈ రెంటి మధ్యా ఎప్పుడు గోడ కట్టుకుందో, ఎంత పనితనంతో కట్టుకుందో అతనికి ఇప్పుడు తెలిసింది. అక్కడ దెబ్బ వేస్తూ నోరూరింది తనకే. ఇక్కడ చల్లబడిపోతున్నదీ తనే.

ఇంట్లో భార్య హునురో అంతా విన్నది. ఏడవలేదు. చేతిలోని పిండి దులుపుకుంది.

"పేరు లేకపోతే వాడికి తిండెలా ముడుతుంది?" అని మాత్రం అడిగింది. అది ప్రశ్న కాదు. పేరు పెట్టి పిలిస్తేనే చనిపోయినవాడు లేచి వచ్చి తింటాడని, పేరు పోయినవాడు రెండోసారి చచ్చినట్టేనని ఆ ఊళ్లో పాలు తాగే పిల్లలకి కూడా తెలుసు.

"నేను గచ్చు నింపుతాను," అన్నాడు పెందువా. "పైన వేరే పేరు చెక్కుతాను. నఖ్త్ అని. వాళ్లొచ్చి చూసి పోతారు."

"నఖ్త్ ఎవరు?"

"ఎవరూ కాదు. ఊరికే."

"నఖ్త్ అని పిలిస్తే వాడెందుకొస్తాడు? పక్కింటి వాణ్ణి పిలుస్తున్నారనుకుని పడుకుంటాడు."

"పైపేరు అధికారులకి. లోపల వాడి పేరు అలాగే ఉంటుంది. ఎప్పటికో గచ్చు ఊడుతుంది. అప్పటిదాకా నువ్వు మనసులో పిలుచుకో."

ఆమె అతని ముఖంలోకి చూసింది. "గచ్చు ఊడుతుందని నీకు నమ్మకమేనా?"

"నాకు తెలిసినంతగా ఎవరికీ తెలీదు," అన్నాడు. అన్నాక ఆ మాట చెవిలో గుచ్చుకుంది.

మర్నాడు ఒంట్లో బాగాలేదని కబురు పంపి కొండెక్కాడు. గచ్చు తడిపి, అక్షరం అక్షరంలోకీ వేలితో కూరాడు. గాయానికి మందు పెడుతున్నట్టే ఉంది. ఒక్కో గీత పూడుతుంటే, దాన్ని చెక్కిన రోజు తన మణికట్టు ఎలా తిరిగిందో గుర్తొచ్చింది. పైన నునుపు చేసి, ఆరనిచ్చి, నఖ్త్ అని చెక్కాడు. రాతి రంగులో కలిసిపోయేట్టు ఇపుయ్ వచ్చి పలచగా పసుపు పూత పూశాడు. వెనక్కి తగ్గి చూసి, "అన్నా, మా అమ్మ తోడు, నాకే తెలీడం లేదు," అన్నాడు.

యుపా వచ్చేసరికి పంటకోతలు మొదలయ్యాయి. ఊళ్లోని సమాధులన్నీ ఒకటొకటిగా చూస్తూ, పెందువా కొడుకు గది దగ్గరికి వచ్చాడు. హునురో వాకిలి పక్కన నీళ్లకుండతో నిలబడింది. లోపలికి వెళ్లి యుపా గోడని చదివాడు.

"నఖ్త్. మీ అబ్బాయా?"

"అవునయ్యా."

"ఎలా పోయాడు?"

"రాయి లాగుతుంటే."

"అయ్యో," అన్నాడు యుపా. నిజంగానే నొచ్చుకున్నాడు. వెనుదిరగబోయి, ఏదో అలవాటు కొద్దీ, వేలి కణుపుతో గోడని తట్టాడు. తర్వాత పేరు మీద తట్టాడు. రాయి ఒక మాట చెప్పింది, పేరు ఇంకో మాట చెప్పింది. యుపాకి కోపం రాలేదు. తప్పు పట్టుకున్న సంతోషం కూడా ముఖంలో లేదు.

"గచ్చు నిలవదని నాకు చెప్పింది నువ్వే," అన్నాడు మెల్లగా. "నేను అది పై దాకా చెప్పాను, నీ పేరుతోనే. దేవుడు కూడా చదవలేడన్న మాట వాళ్లకి చాలా నచ్చింది. ఇప్పుడు అది నీ ఒక్కడికి మాత్రం వర్తించదని నేను వెళ్లి ఎలా చెప్పను?"

యుపా వాకిలి దాకా వెళ్లి ఆగాడు.

"మావాళ్లని పిలిస్తే మొరటుగా కొడతారు. పక్కనున్న బొమ్మ ముఖం కూడా పోతుంది. నువ్వే తియ్యి. నేను బయట కూర్చుంటాను."

అది దయేనని పెందువాకి అర్థమైంది. ఆ దయ మీద ఉమ్మేయాలనిపించింది. ఉలి తీసుకున్నాడు. ముందు గచ్చు రాలింది. ఒక్క క్షణం కొడుకు పేరు, అప్పుడే చెక్కినట్టు, స్పష్టంగా బయటికి చూసింది. దాన్ని అంత లోతుగా చెక్కినందుకు ఇప్పుడు అంత లోతుకీ వెళ్లాలి. గుడి గోడ మీద కొట్టిన దెబ్బ, ఇక్కడ కొట్టిన దెబ్బ, చేతికి రెండూ ఒకటే. ఆ చేతిని అతను ఎవరిదో చూస్తున్నట్టు చూశాడు. అడుగు తేలాక, ఎవరూ అడగకుండానే, ఇసుకరాయితో రుద్ది మూలలు సరిచేశాడు.

లోయ పండుగ వచ్చింది. అమూన్ దేవుణ్ణి ఊరేగించే పడవ నది దాటి పడమటికి వచ్చిన రోజు, ఊరంతా పూలదండలతో, రొట్టెలతో, బీరు కుండలతో కొండెక్కి తమ తమ వాళ్ల గదుల ముందు కూర్చుంది. ప్రతి వాకిట్లోంచీ పేర్లు వినిపిస్తున్నాయి. తాతని పిలుస్తున్నారు, చెల్లెల్ని పిలుస్తున్నారు. తాగినవాళ్లు పోట్లాటకి పిలిచినట్టు పిలుస్తున్నారు. ఇపుయ్ ఎక్కడో తన మామగారిని పిలిచి, బాకీ పడ్డ మేక సంగతి అడుగుతున్నాడు. అతని పెళ్లాం పగలబడి నవ్వుతోంది.

పెందువా, హునురో తమ గదిలో కూర్చున్నారు. ఎదురుగా గోడలో నలుచదరపు గుంట. ఇలాంటి గుంటలు గుడిలో ఎన్నో ఉన్నాయి. మొన్న మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన పల్లెటూరివాళ్లు ఒక గుంట ముందు ఆగి, "ఇక్కడ ఎవరుండేవారు?" అని అడగడం పెందువా విన్నాడు. ముసలి కావలివాడు అటూ ఇటూ చూసి, వాళ్ల చెవిలో చెప్పాడు. వాళ్లు ఊరికి వెళ్లి ఇంకొకరి చెవిలో చెబుతారు. రాజుని రెండోసారి చంపడానికి తొలిచిన గుంటలే రాజుని గుర్తుచేస్తున్నాయి. ఇక్కడికి ఎవరొస్తారు? వచ్చి ఎవరిని అడుగుతారు?

హునురో నీళ్లు వంచింది. పిలవడానికి నోరు తెరిచింది. వాకిట్లో కొత్త రాజు భటుడొకడు, వాడూ పూలదండ వేసుకుని, బీరు తాగుతూ, ఎవరినీ ప్రత్యేకంగా చూడకుండా నిలబడి ఉన్నాడు. ఆమె నోరు మూసుకుంది. ఆ పెదవుల మీద పేరు కదులుతుందేమోనని పెందువా చాలాసేపు చూశాడు. కదల్లేదు.

ఆమె రొట్టె తుంచింది. పెట్టడానికి చోటు వెతికి, లేచి వెళ్లి, ఆ గుంటలో పెట్టింది. రొట్టె కోసమే చేసిన గూడులా అమరింది. గుంట అంచు మీద వేలితో ఒకసారి నిమిరి, భర్త వైపు తిరగకుండానే అంది:

"నున్నగా తీశావు."